పళ్ళ డాక్టరు చెప్పిన రోగం

అతన్ని అందరూ పళ్ళ డాక్టరు అనేవారు. అతను చూసేవి గేర్ల పళ్ళు. కాస్త చెయ్యి తిప్పితే చాలు, కార్లను కూడా వెనక వదిలేసి దూసుకుపోయే పెద్ద మోటారు సైకిళ్ళు ఉంటాయే, వాటి గేర్‌బాక్సులో ఏ తేడా వచ్చినా అతని రేకుల షెడ్డుకే రావాలి. ఒకసారి దవడ వాచిన ముసలాయన ఒకాయన ఎవరో చెప్పిన గుర్తులు పట్టుకుని అక్కడిదాకా వచ్చి, స్టూలు మీద కూర్చుని నోరు తెరిచేశాడు. "పెద్దాయనా, నా దగ్గరున్న పట్టకారుతో పీకితే దవడతో సహా వస్తుంది" అని పడీ పడీ నవ్వి, అసలు పళ్ళ డాక్టరు దగ్గరికి తనే బండి మీద దింపి వచ్చాడు. అప్పట్లో అలా నవ్వేవాడు మనిషి.

ఇప్పుడు ఆ షెడ్డు ముందు నుంచి పోయేవాళ్ళు మొహం పక్కకి తిప్పుకుని పోతున్నారు. సొంత బావమరిదినే పొట్టన పెట్టుకున్నాడట కదా అంటారు. అనేవాళ్ళ నోటికి తాళం ఎవరు వేస్తారు? పైగా ఆ మాట పుట్టింది కూడా అతని నోటి నుంచే. అది అందరికీ తెలుసు. ఎందుకు పుట్టిందో మాత్రం ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు. చూస్తుంటే నాకు ఒళ్ళు మండుతుంది, అందుకే మీకు మాత్రం చెబుతున్నాను.

షెడ్డుకి ఒక పక్క తాళం చెవులు చేసేవాడి కొట్టు, ఇంకో పక్క పరుపుల దుకాణం. లోపల నేల నూనె తాగి తాగి నల్లబడిపోయింది. గోడ మీద ఒక్కో రెంచీకి ఒక్కో మేకు, ఆ మేకు చుట్టూ రెంచీ ఆకారంలో తెల్లరంగు గీత. ఏది చోట్లో లేకపోయినా ఇట్టే తెలిసిపోతుంది. బండి రాగానే అతను స్టార్టు చేసేవాడు కాదు. వెనక చక్రం గాల్లోకి లేపి, ఒక చేత్తో దాన్ని తిప్పుతూ ఇంకో చేత్తో గేర్లు ఒక్కొక్కటే మార్చేవాడు. ఎక్కడ పట్టేస్తోంది, ఎక్కడ జారుతోంది అని ఆ చేతికే తెలిసేది. ఆ తర్వాతే ఇంజను నడిపించి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన దాని మీద ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆఖర్న నూనె తెల్లగుడ్డలోకి దింపి, అడుగు బోల్టు అయస్కాంతానికి ఏం అంటుకుందో చూసేవాడు. బూడిదలాంటి పొడి అయితే అది వయసు, భయం లేదు. తళతళలాడే రేకులైతే పళ్ళ పైపొర లేచిపోతోందని. ఏకంగా ముక్కే దొరికితే ఇక మాటల్లేవు, ఇంజను దించాల్సిందే.

చూసింది చూసినట్టు చెప్పేవాడు. అదే అతని గొప్ప, అదే అతని జబ్బు కూడానూ. ఒక బడాబాబు కొడుకు మూడోసారి గేరు పళ్ళు విరగ్గొట్టుకుని వచ్చి, "ఈ కంపెనీ బళ్ళే ఇంతండీ" అని నలుగురిలో గొంతు పెంచితే, "బండికి ఏ రోగమూ లేదు బాబూ, రోగమంతా నీ ఎడమ కాలికుంది. క్లచ్ పట్టుకోకుండా తంతున్నావు" అని మొహం మీదే అనేశాడు. కుర్రాడి మొహం మాడిపోయింది. రెండు షెడ్ల వాళ్ళు మాట తేడా వచ్చి కొట్టుకునేదాకా వస్తే ఇతని దగ్గరికే వచ్చేవారు. అతను ఏదంటే అదే. తెలియకపోతే తెలియదనేవాడు తప్ప, ఉన్నదాన్ని లేదని గానీ లేనిదాన్ని ఉందని గానీ ఒక్కనాడు అనలేదు.

అతని పనిలో సగం భార్యది. సామాన్ల అలమర ఆమె చేతిలో ఉండేది. గేర్‌బాక్సు మళ్ళీ బిగించే రోజున బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఏది ముందు ఎక్కాలో ఏది వెనక ఎక్కాలో వరసగా పేర్చేది. షాఫ్టు మీద గేరు పక్కకి జరిగిపోకుండా పట్టుకునే చిన్న ఉక్కు క్లిప్పులుంటాయి, తెగిన ఉంగరంలాంటివి. వాటికి ఒక వైపు అంచు గుండ్రంగా, ఇంకో వైపు పదునుగా ఉంటుంది. గుండ్రటి వైపు గేరు వైపుకి ఉండాలి. తిరగేసి వేశారో, కొన్నాళ్ళు బాగానే నడిచి, ఒకనాడు క్లిప్పు గాడిలోంచి లేచిపోతుంది. గేరు జరుగుతుంది. రెండు గేర్లు ఒకేసారి పట్టుకుని గేర్‌బాక్సు బిగుసుకుపోతుంది, వెనక చక్రం ఉన్నపళంగా ఆగిపోతుంది. అప్పుడు బండి మనిషి చేతిలో ఉండదు. అందుకే ఆమె ప్రతి క్లిప్పునీ గుండ్రటి వైపు పైకి ఉండేలా గుడ్డ మీద పెట్టేది. అతను చూసుకోకుండా తీసి ఎక్కించేవాడు. పద్దెనిమిదేళ్ళుగా ఆ గుడ్డ ఒక్కసారీ తప్పలేదు.

బావమరిది అంటే ఆమె తమ్ముడు, ఒక్కగానొక్క తమ్ముడు. లిఫ్టులు బాగుచేసేవాడు. పెళ్ళి కాలేదు, తల్లితో ఉండేవాడు. ఎక్కడో తుప్పు పట్టి పడున్న పెద్ద బండినొకదాన్ని తెచ్చుకుని, ఏడాది పాటు సెలవు రోజులన్నీ బావ షెడ్డులోనే గడిపి ఇద్దరూ కలిసి దానికి ప్రాణం పోశారు. అది మొదటిసారి పలికిన రోజున షెడ్డులో ఇద్దరూ చేసిన గంతులకి పరుపుల దుకాణం ఆయన పరిగెత్తుకొచ్చాడు, ఎవరికైనా కరెంటు కొట్టిందేమోనని.

ఆ తర్వాత ఏమైందో ఏమో, ఆఖరి ఏడాది వాడు డీలాపడ్డాడు. పనికి రెండు రోజులు వెళితే నాలుగు రోజులు మానేవాడు. మాట తగ్గింది, తిండి తగ్గింది. బద్ధకం అంది తల్లి. పెళ్ళి చేస్తే సరిపోతుంది అంది అక్క. పళ్ళ డాక్టరు ఏమీ అనలేదు, అతనికి బళ్ళు చూసుకోవడానికే సరిపోయేది.

ఒకరోజు వాడు బండి తెచ్చి, "బావా, రెండో గేరు జారుతోంది" అన్నాడు. అతను స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. వాడు అలాగే చూస్తూ నిలబడి, "అది ఒకసారి నాకు కూడా పెట్టి చూడు బావా" అన్నాడు.

"నీకేం రోగంరా, దున్నపోతులా ఉన్నావు" అని నవ్వాడు పళ్ళ డాక్టరు.

వాడూ నవ్వాడు. బండి బాగు చేయించుకుని వెళ్ళిపోయాడు.

మూడు వారాల తర్వాత, సన్నగా తుంపర పడుతున్న ఉదయం, ఊరి బయట వంతెన ముందున్న మలుపులో ఆ బండి తిరగలేదు. తిన్నగా వెళ్ళి రాతిగోడకి కొట్టుకుంది. వాడు అక్కడికక్కడే పోయాడు. దూరంగా ఉన్న ఒకరిద్దరు చూశారు, దగ్గర్లో ఎవరూ లేరు. రోడ్డు మీద టైరు గీత పడిందో లేదో వాన కడిగేసింది. తనిఖీకి వచ్చినవాళ్ళు బండిని పైపైన చూసి, కారణం తేలలేదని రాసుకుని పోయారు. ఆ బండి షెడ్డు వెనక్కి చేరింది. అతను దాని మీద టార్పాలిన్ కప్పి, నాలుగు వైపులా తాడుతో కట్టేశాడు. నాలుగు నెలలు ఆ ముడి విప్పలేదు.

విప్పడానికి భయం. రెండో గేరు బాగుచేసిన రోజున, సరిగ్గా క్లిప్పు చేతిలోకి తీసుకున్నప్పుడు ఫోను మోగింది. మాట్లాడటానికి బయటికి వెళ్ళాడు, తిరిగొచ్చి పని అందుకున్నాడు. మధ్యలో ఆ క్లిప్పు ఎక్కడ పెట్టాడు? ఎలా పెట్టాడు? ఎంత కొట్టుకున్నా గుర్తు రాలేదు. తిరగబడిందేమో. నా చేత్తో నేనే వాణ్ణి చంపానేమో. కూర్చున్నా నిలబడ్డా ఇదే. భోజనం ముందు కూర్చుని కూడా రెండు వేళ్ళ మధ్య లేని క్లిప్పుని అటూ ఇటూ తిప్పుతుండేవాడు. భార్య చూసేది, కానీ ఆమె ఏడుపు ఆమెకుంది.

అత్తగారి సంగతి మరీ విచిత్రంగా ఉండేది. ఆవిడ నోరు మామూలు నోరు కాదు. పాలు ఆలస్యమైతే పాలవాణ్ణి, అరిస్తే పిల్లిని, నీళ్ళు రాకపోతే కుళాయిని కూడా పట్టుకుని తిట్టేది. ఆ వీధిలో ఆవిడ తిట్టు తినని ప్రాణి లేదు, ఒక్క అల్లుడు తప్ప. అల్లుణ్ణి మాత్రం ఈ పద్దెనిమిదేళ్ళలో 'గారు' తగిలించకుండా పిలిచి ఎరగదు. అలాంటి మనిషి కొడుకు పోయిన రోజు నుంచీ ఒక్క తిట్టు తిట్టలేదు. పాలవాడు రెండు రోజులు రాకపోయినా తలుపు దగ్గర గిన్నె పట్టుకుని ఊరికే నిలబడింది. దుఃఖంలో ఉంది కదా అనుకున్నారు అందరూ.

ఒక ఉదయం ఆవిడ ఒంటరిగా షెడ్డుకి వచ్చింది. అతను షట్టరు ఇంకా సగమే ఎత్తాడు. కింద నుంచి వంగి లోపలికి వచ్చి, పాత టైరు మీద చెక్క వేసిన స్టూలు మీద కూర్చుంది.

"అల్లుడుగారూ, ఆ బండి విప్పి చూడండి" అంది.

"ఇప్పుడెందుకు అత్తయ్యగారూ?"

"మీ నోట అబద్ధం రాదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. బండి పాడైందా, వాడే పోయాడా, నాకు తెలియాలి."

"వాడే పోవడమేంటి, అవేం మాటలు?"

ఆవిడ కొంగు వేలికి చుట్టుకుని విప్పింది.

"ఆ రోజు పొద్దున వాడు కంచం ముందు పెట్టుకుని గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. ఒక్క ముద్ద ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండింది. నా కళ్ళ ముందు ఇలా కూర్చోకు, ఎక్కడికన్నా పోయి చావు అన్నాను" అంది. "రోజూ అనేదే అల్లుడుగారూ. చిన్నప్పటి నుంచీ అంటున్నదే. అంటే నవ్వి, 'నువ్వే ముందు పోతావులే ముసల్దానా' అనేవాడు. ఆ రోజు నవ్వలేదు. సరే అమ్మా అన్నాడు. సరే అమ్మా అని లేచి వెళ్ళిపోయాడు."

అతను చేతిలోని తాళాల గుత్తి బల్ల మీద పెట్టాడు.

"బండి పాడై పోయాడంటే, నా ఖర్మ అనుకుని ఏడుస్తాను. నా మాటకే పోయాడంటే... నోరు విప్పాలంటే భయంగా ఉంది. పిల్లినైనా ఒక మాట అనలేకపోతున్నా, అదీ చచ్చిపోతుందేమోనని."

అతను షట్టరు పూర్తిగా ఎత్తి, వెనక్కి వెళ్ళి తాళ్ళు విప్పాడు. భార్యకి ఫోను చేసి, ఇవాళ షెడ్డుకి రావద్దు, ఇంట్లోనే ఉండు అన్నాడు. ఎందుకని అడిగితే, రావద్దన్నాను కదా అని పెట్టేశాడు. తన తప్పు దొరికే వేళ ఆమె కళ్ళ ముందు ఉండకూడదనుకున్నాడు. అత్తగారిని వెళ్ళమంటే వెళ్ళలేదు, వాకిట్లోనే వీపు ఇటు పెట్టి కూర్చుంది.

ముందుభాగం నుజ్జయింది గానీ ఇంజను నిలిచి ఉంది. బ్రేకులు చూశాడు, బాగున్నాయి. యాక్సిలరేటరు తీగ ఎక్కడా పట్టేయలేదు, లాగి వదిలితే టక్కున వెనక్కి వస్తోంది. నూనె తెల్లగుడ్డలోకి దింపాడు. అయస్కాంతం మీద బూడిదలాంటి సన్నటి పొడి, అంతకుమించి ఏమీ లేదు. ఇంజను దించి, విప్పి, గేర్లని ఒక్కొక్కటిగా పట్టి చూస్తూ వచ్చాడు. ఒక్క పన్ను విరగలేదు, ఒక్క అంచు చెదరలేదు. రెండో గేరు పక్కన తను వేసిన క్లిప్పు గాడిలో బుద్ధిగా కూర్చుని ఉంది. భూతద్దం తెచ్చి చూశాడు. గుండ్రటి వైపు గేరు వైపుకే ఉంది.

"హమ్మయ్య" అన్నాడు.

పైకే అన్నాడు. నాలుగు నెలల బరువు దిగిన మనిషి ఎలా అంటాడో అలా, గుండె నిండా అన్నాడు. ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, అతని కళ్ళు గేర్లు మార్చే డ్రమ్ము మీద పడ్డాయి. అది ఆగిన చోటు చూస్తే, గోడకి కొట్టుకున్నప్పుడు బండి ఆరో గేరులో ఉంది. ఆ మలుపులో మూడో గేరు దాటి ఎవరూ పోరు. వందసార్లు తిరిగిన మలుపది వాడికి. వాడు గేరు తగ్గించలేదు. తగ్గించాలని కూడా అనుకోలేదు.

అది ఒకసారి నాకు కూడా పెట్టి చూడు బావా.

అతను పాత గుడ్డని నోటికి అడ్డం పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. వాడు రోగమేంటో చెప్పమని తన దగ్గరికే వచ్చాడు. ఎదురుగా నిలబడి, నోరు తెరిచి అడిగాడు. ఇంకెలా అడగాలి? తను దున్నపోతు అన్నాడు. పైగా ఇప్పుడు, వాడి గేర్‌బాక్సు ముందు కూర్చుని హమ్మయ్య అన్నాడు. ఛీ అనుకున్నాడు.

"ఏమిటి అల్లుడుగారూ?" వాకిట్లోంచి అత్తగారి గొంతు. "హమ్మయ్య అన్నారు?"

ఆవిడ లేచి నిలబడింది. షెడ్డు లోపలికి రావడానికి ధైర్యం చాలక గడప దగ్గరే ఆగింది. ఆవిడ మొహంలోకి చూశాడు. ఇక ఒక్క క్షణం ఆగితే ఆవిడకి అర్థమైపోతుంది.

"దొరికింది అత్తయ్యగారూ" అన్నాడు. "ఏం జరిగిందో దొరికింది. అందుకే అన్నాను."

పక్కనే ఉన్న తుక్కు డబ్బాలోంచి, ఏనాటిదో ఏ బండిదో, వంగిపోయిన క్లిప్పొకటి తీసి అరచేతిలో పెట్టి చూపించాడు. ఆవిడకి అదేమిటో తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

"ఇది నేను తిరగేసి వేశాను. ఫోను వచ్చింది, ధ్యాస తప్పింది. ఇది ఊడి గేర్‌బాక్సు పట్టేసింది, చక్రం ఆగిపోయింది. వాడు తిప్పుదామన్నా బండి తిరగదు. వాడి తప్పు లేదు, మీ మాట తప్పు లేదు. తప్పంతా నాది."

ఆవిడ ఆ క్లిప్పు వంక చూసింది. చిటికెన వేలికి కూడా పట్టని ఇనుప ముక్క. తర్వాత అతని వంక చూసింది.

"ఇదా?" అంది.

"అదే."

"ఒరేయ్!" అని అరిచింది. పరుపుల దుకాణం ఆయన బయటికి వచ్చాడు, తాళాలవాడు ఆకురాయి ఆపేశాడు. "ఒరేయ్ పాపిష్టోడా! నీ చేతులు పడిపోను! నా కొడుకుని మింగేసి నాలుగు నెలలు నా ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చున్నావురా! ఎక్కడికన్నా పోయి చావరా! పో, పోయి చావు!"

అంటూనే ఉంది. చేతికి దొరికిన రెంచీ విసిరింది, అది అతని భుజానికి తగిలి కింద పడింది. ఆవిడ గొంతు మొదట బొంగురుగా ఉండి, పోను పోను పాతరోజుల్లోలాగా వీధి చివరిదాకా వినపడేంత అయింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు. తిట్టనీ అనుకున్నాడు. ఆ మాట ఆవిడ నోట్లోంచి మళ్ళీ బయటికి వచ్చింది, ఇక ఇంకెవరి మీద వేసినా భయపడదు. పరుపుల దుకాణం ఆయనే ఆవిణ్ణి పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోయింది.

అక్కడితో అయిపోయిందనుకున్నాడు. గేర్లని మళ్ళీ పెట్టెలో వేసి, మూత పెట్టి, చేతులు సబ్బుపొడితో కడుక్కుంటుండగా భార్య వచ్చింది. తల్లి దగ్గర నుంచే వచ్చింది, మొహం పాలిపోయి ఉంది. అతను తిట్లకి సిద్ధపడ్డాడు. ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి, మడతపెట్టి ఉన్న తెల్లగుడ్డ మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఫోను వచ్చిందని చెప్పారట అమ్మకి" అంది.

"ఊఁ."

"ఫోను వచ్చినప్పుడు ఆ క్లిప్పు మీ చేతిలోంచి నేనే తీసుకున్నాను. మీరు బయటికెళ్ళారు. నేనే దాన్ని మళ్ళీ గుడ్డ మీద పెట్టాను." "మీరెప్పుడూ చూసుకోరు కదా. నేను ఎలా పెడితే అలా వేస్తారు. అయితే నేనే... నా తమ్ముణ్ణి నేనే..."

నాలుగు నెలలు ఎంత తన్నుకున్నా గుర్తురాని సంగతి ఇదా! తల్లిని ఒడ్డున పడేశానని అనుకుంటుంటే, కూతుర్ని ముంచేశాడు.

"లేదు, లేదు. నువ్వు సరిగ్గానే పెట్టావు" అన్నాడు గబగబా.

"మీకెలా తెలుసు?"

"సరిగ్గానే పెట్టావు. నేనే తిప్పాను."

"ఎందుకు తిప్పుతారు? పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారైనా తిప్పారా?"

ఏదో ఒకటి చెప్పాలి. అబద్ధం ఆడటం అలవాటు లేని మనిషికి ఒకే రోజు రెండోది ఎక్కడి నుంచి వస్తుంది! సబ్బు నురగ మోచేతుల మీద ఎండిపోతోంది. ఆమె అతని మొహంలోకి అలాగే చూస్తోంది, అతను ఇంజను మీద స్క్రూడ్రైవరు పెట్టి వినేటప్పుడు ఎలా ఉంటాడో అలాగే, కదలకుండా.

"నేను సరిగ్గానే పెట్టాను" అంది మెల్లగా.

"ఊఁ."

"మీరూ సరిగ్గానే వేశారు."

అతను పక్కకి తిరిగి చేతుల మీద నీళ్ళు పోసుకున్నాడు.

"అయితే వాడే..."

తెల్లగుడ్డ మొహానికి అదుముకుని బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయింది. తమ్ముడు పోయిన రోజున కూడా ఆమె అలా ఏడవలేదు. అతను తడి చేతులతో వచ్చి పక్కన కూర్చున్నాడు. నాకు పెట్టి చూడమన్నాడు వాడు, నేను నవ్వాను అని చెప్పాడు. ఆమె విన్నది. ఓదార్చలేదు, తప్పు పట్టలేదు. వీధిలో దీపాలు వెలిగాయి. షెడ్డు ముందు నుంచి ఇద్దరు నడుచుకుంటూ పోతూ లోపలికి తొంగిచూసి, గొంతు తగ్గించి ఏదో అనుకుని పోయారు.

చాలాసేపటికి ఆమె లేచి, గుడ్డ దులిపి, నాలుగు మడతలు పెట్టింది.

"అమ్మ ఇవాళ సాయంత్రం పిల్లిని తిట్టింది" అంది.

"తిట్టిందా?"

"తిట్టింది. తర్వాత కంచం పెట్టమంది. తింది కూడా." గుడ్డని అలమరలో పెట్టి తలుపు వేసింది. "రేపు అమ్మ ఇక్కడికొచ్చి మళ్ళీ మిమ్మల్ని తిడుతుంది. నేనూ తిడతాను. నేను నోరు మూసుకుని ఉంటే అమ్మకి అనుమానం వస్తుంది. మీరేమీ అనుకోకండి."

అతను తల ఊపాడు.

"గట్టిగా తిట్టు" అన్నాడు. "నమ్మేలా తిట్టు."